డిసెంబరు ఫలితం ర్యాంకు కాదు

డిసెంబరు నెల సగానికి వచ్చేసరికి అమెరికాలో తెలుగువాళ్ళు ఎక్కువగా ఉండే ఊళ్ళలో, ఎడిసన్‌లో గానీ ఫ్రిస్కోలో గానీ ఫ్రీమాంట్‌లో గానీ, పన్నెండో తరగతి పిల్లలున్న ఇళ్ళ తీరే మారిపోతుంది. వీకెండ్ భోజనాలకు పిలిస్తే "ఈ వారం కుదరదండీ, వచ్చే నెల చూద్దాం" అంటారు. గుళ్ళో కనిపించినా ఎక్కువసేపు నిలబడరు. ఎర్లీ డెసిషన్ ఫలితాలు వచ్చే రోజులవి. ఐవీ లీగ్ కాలేజీలు చాలావరకు తూర్పు తీరం టైము ప్రకారం సాయంత్రం ఏడింటికి ఫలితాన్ని పోర్టల్‌లో పెడతాయి. అదే కాలేజీకి హైదరాబాదు నుంచి దరఖాస్తు చేసిన పిల్లకు అప్పుడు మర్నాడు తెల్లవారుజామున ఐదున్నర. చీకట్లో లేచి, పాస్‌వర్డ్ కొట్టి, చూడాలి.

ఎర్లీ డెసిషన్ అంటే ఒకే ఒక్క కాలేజీకి "సీటిస్తే తప్పకుండా చేరతాను" అని రాసిచ్చి, నవంబరు మొదట్లోనే దరఖాస్తు పెట్టుకోవడం. ఆ ఒప్పందం మీద విద్యార్థితోపాటు తల్లో తండ్రో, స్కూల్ కౌన్సిలరో కూడా సంతకం చేయాలి. బ్రౌన్, కొలంబియా, కార్నెల్, డార్ట్‌మత్, పెన్ పాటించేది ఈ పద్ధతే. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, స్టాన్‌ఫర్డ్ కూడా దరఖాస్తులు ముందుగా తీసుకుంటాయి గానీ, చేరి తీరాలన్న షరతు పెట్టవు. ఎక్కడైనా జవాబు మూడు రకాలుగా వస్తుంది: సీటు వచ్చింది, రాలేదు, డిఫర్ చేశాం. డిఫర్ అంటే ఇప్పుడేమీ తేల్చకుండా, మిగతా దరఖాస్తులతో కలిపి మార్చిలో మళ్ళీ చూస్తామని.

ఈ మూడు జవాబుల్నీ తెలుగు కుటుంబం ఎలా చదువుతుందన్న దగ్గరే అసలు చిక్కు మొదలవుతుంది. ఇప్పుడు పిల్లల్ని అమెరికా కాలేజీలకు పంపుతున్న తల్లిదండ్రుల్లో చాలామంది ఎంసెట్, ఐఐటీ పరీక్షల మీదుగా వచ్చినవాళ్ళే. ఆ పరీక్షల్లో ఫలితమంటే ర్యాంకు. ఏ ర్యాంకు దాకా ఏ కాలేజీలో సీటొచ్చిందో కౌన్సెలింగ్ అయ్యాక అందరికీ తెలిసేది. సీటు రాలేదంటే మార్కులు తక్కువొచ్చాయి, మార్కులు తక్కువొచ్చాయంటే చదవలేదు. ఇందులో న్యాయం ఎంత, కోచింగ్ సెంటర్ల వాటా ఎంత అన్నది వేరే చర్చ. కానీ ఆ లెక్క నరనరానా ఇంకిపోయింది. అందుకే డిసెంబరు సాయంత్రం "కాదు" అని జవాబు రాగానే తండ్రి నోటివెంట వచ్చే మొదటి ప్రశ్న, "ఎక్కడ తగ్గింది?"

ఆ ప్రశ్నకు జవాబు లేదు. మార్కుల్లో తగ్గకపోయినా సీటు రాకపోవచ్చు.

2023 డిసెంబరులో బ్రౌన్ యూనివర్సిటీకి ఎర్లీ డెసిషన్‌లో 6,244 దరఖాస్తులు వస్తే 898 మందికి సీట్లిచ్చారు. అంటే 14 శాతం పైచిలుకు. అదే ఏడాది ఎర్లీ, మామూలు విడతలు రెండూ కలిపి చూస్తే 5 శాతం చిల్లర. ఈ రెండంకెల్నీ పక్కపక్కన పెట్టుకుని "ఎర్లీలో వేస్తే మూడింతలు సులువు" అనుకునే కుటుంబాలు చాలా ఉన్నాయి. ముందు వేసినవాళ్ళకు కొంత మేలు జరిగే మాట నిజమే. క్రిస్టఫర్ ఏవరీ, ఆండ్రూ ఫెయిర్‌బ్యాంక్స్, రిచర్డ్ జెక్‌హౌజర్ లక్షల దరఖాస్తుల్ని పరిశీలించి 2003లో వెలువరించిన పుస్తకంలో, ముందుగా దరఖాస్తు చేయడం శాట్‌లో 100 పాయింట్లు ఎక్కువ తెచ్చుకోవడంతో సమానమని తేల్చారు. అయితే ఎర్లీ గుంపు అందరికీ సమానమైన గుంపు కాదు. కోచ్‌లు ముందే ఎంచుకున్న క్రీడాకారులు అందులో ఉంటారు. చాలాచోట్ల పూర్వ విద్యార్థుల పిల్లలూ ఉంటారు. వాళ్ళ సీట్లు పక్కన పెడితే మామూలు విద్యార్థికి మిగిలే అవకాశం ఆ 14 శాతం కంటే తక్కువ.

అసలు కాలేజీలు ఈ పద్ధతి పెట్టుకున్నది తమ అవసరం కోసం. సీటిచ్చినవాళ్ళలో ఎంతమంది చేరతారో తెలియకపోతే హాస్టల్ గదుల నుంచి బడ్జెట్ దాకా అన్నీ ఊహాగానాలే. ఎర్లీ డెసిషన్‌లో ఆ గొడవ లేదు, ఇచ్చిన సీటు నిండినట్టే. పెన్ లాంటి కాలేజీ తన కొత్త తరగతిలో దాదాపు సగాన్ని ఇలాగే నింపుకుంటుంది. ఈ పద్ధతి ఉన్నవాళ్ళకే ఉపకరిస్తోందని 2006లో హార్వర్డ్, ప్రిన్స్‌టన్, వర్జీనియా యూనివర్సిటీ ముందస్తు అడ్మిషన్లను ఎత్తేశాయి. మిగతా కాలేజీలు వెంట రాలేదు. మంచి విద్యార్థులు ముందే వేరేచోట కుదురుకుంటున్నారని చూసి, 2011లో ఆ మూడూ తిరిగి పెట్టాయి. తన లెక్కల్ని బట్టి కాలేజీ మార్చుకుంటూ పోయే పద్ధతి ఇది. దీన్ని పదిహేడేళ్ళ పిల్ల తన విలువకు కొలతగా తీసుకోవడం సరైన పని కాదు. ఆ మాట ఇంట్లో పెద్దవాళ్ళు నవంబరులోనే, ఫలితం రాకముందే చెప్పాలి. వచ్చాక చెబితే ఓదార్పులా వినిపిస్తుంది తప్ప నిజంలా వినిపించదు.

ర్యాంకు నిజంగా పనిచేసే చోటు కూడా అమెరికాలో ఒకటుంది. టెక్సస్‌లో స్కూల్ క్లాసు ర్యాంకును బట్టి పబ్లిక్ యూనివర్సిటీలో నేరుగా ప్రవేశమిచ్చే చట్టాన్ని 1997లో చేశారు. ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీకి 2026 ప్రవేశాల నుంచి అది మొదటి 5 శాతం. ఫ్రిస్కో, ప్లేనో స్కూళ్ళలో తెలుగు పిల్లలు ఒక్కో పాయింటుకు కొట్టుకునేది అందుకే. అక్కడ ఫలితం ముందే ఊహించవచ్చు. బ్రౌన్‌లోనో కార్నెల్‌లోనో ఊహించలేం.

నవంబరులోనే తేల్చుకోవలసినవి ఇంకా ఉన్నాయి. పోర్టల్ ఎవరు తెరుస్తారు? పిల్ల ఒక్కతే గదిలో చూసుకుంటానంటే సరేననాలి. ఫోన్ పట్టుకుని వీడియో తీస్తూ వెనక నిలబడకూడదు. ఫలితం ఎవరికి, ఎప్పుడు, ఎవరు చెబుతారు? విజయవాడలో అమ్మమ్మకు, వైజాగ్‌లో పెదనాన్నకు కాలేజీ పేరు ముందే చెప్పేస్తే, మర్నాటి నుంచి వచ్చే ప్రతి ఫోన్‌కూ పిల్లే జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది. "అప్లికేషన్లు వేస్తోందమ్మా, మార్చి దాకా పడుతుంది" అన్నది అబద్ధం కాదు, పైగా పిల్లకు ఊపిరి దొరుకుతుంది. స్కూల్లో వారం మధ్యలో ఏదైనా పరీక్ష ఉంటే, ఫలితం చూడటం ఆ రాత్రికి వాయిదా వేసుకున్నా పోయేదేమీ లేదు. జవాబు మర్నాడు కూడా అదే ఉంటుంది.

సీటు వస్తే పోర్టల్‌లో కాగితపు ముక్కలు ఎగురుతాయి, యేల్‌లో అయితే బుల్‌డాగ్ పాట వినిపిస్తుంది. రాకపోతే ఒక ఉత్తరం. ఆ ఉత్తరంలో కారణం ఉండదు. చదివినకొద్దీ అందులో ఏదో దాగుందనిపిస్తుంది కానీ, అందరికీ వెళ్ళేది అదే ఉత్తరం. ఆ ఉత్తరాలు పంపే వ్యవస్థ ఎంత యాంత్రికమో 2014 డిసెంబరులో జాన్స్ హాప్కిన్స్‌లో బయటపడింది. ఎర్లీ డెసిషన్‌లో కాదనిపించుకున్న, డిఫర్ అయిన 294 మందికి పొరపాటున స్వాగతం పలికే ఈమెయిల్ వెళ్ళిపోయింది. కాసేపటికి తప్పు తెలుసుకుని క్షమాపణ మెయిల్ పంపారు. రెండోసారి మనసు విరిగిన ఆ పిల్లల తప్పేముంది? ఒక జాబితా బదులు ఇంకో జాబితాకు మెయిల్ పోయింది, అంతే.

ఆ సాయంత్రం తల్లిదండ్రులు చేయగలిగింది తక్కువ, చేయకూడనివి ఎక్కువ. "నేను ముందే చెప్పాను కార్నెల్‌కి వేయమని" అన్న మాట గొంతుదాకా వచ్చినా మింగేయాలి. "ఫరవాలేదు, ఇంకా మంచిది వస్తుందిలే" అన్నది కూడా ఆ గంటలో పనికిరాదు, పిల్ల దుఃఖాన్ని తోసేసినట్టు ఉంటుంది. పక్కింటివాళ్ళ అబ్బాయికి వచ్చిందా రాలేదా అని వాట్సాప్‌లో వెతకడం అన్నిటికన్నా చెడ్డది. తలుపు వేసుకుంటే వేసుకోనివ్వాలి. కొంతసేపయ్యాక అమ్మ వెళ్ళి, "కన్నా, పెరుగన్నం కలిపాను, ఇక్కడికే తేనా?" అంటే చాలు. తండ్రి పక్కన కూర్చుని, "నువ్వెంత కష్టపడ్డావో నాకు తెలుసు నాన్నా, నాకూ బాధగానే ఉంది" అనగలిగితే అంతకు మించిన మాట లేదు. మైక్రోసాఫ్ట్ సీఈఓ సత్య నాదెళ్ళ ఐఐటీ ప్రవేశ పరీక్ష పాసవ్వలేదన్న కథ ఆ రాత్రి అసలే వద్దు. ఆ కథ నిజమే, మంచిదే. కానీ గాయం పచ్చిగా ఉన్నప్పుడు గొప్పవాళ్ళ కథలు ఇంకో పోలికలా తగులుతాయి.

రెండు రోజులు అలా గడవనిచ్చాక పని మొదలుపెట్టాలి. ఎందుకంటే క్యాలెండర్ ఆగదు. చాలా ప్రైవేటు కాలేజీల మామూలు దరఖాస్తుల గడువు జనవరి మొదటి వారంలోనే. ఫలితం వచ్చిన రోజు నుంచి లెక్కేస్తే రెండు మూడు వారాలు, మధ్యలో క్రిస్మస్ సెలవులు. ఆ సెలవుల్లో స్కూల్ కౌన్సిలర్ కూడా దొరకడు. ఎర్లీ డెసిషన్ మీదే ఆశ పెట్టుకుని మిగతా ఎస్సేలు ఒక్కటీ రాయని పిల్లలు ఇక్కడే దెబ్బతింటారు. మనసు బాగాలేని వారంలో పది ఎస్సేలు రాస్తే అవి ఎలా ఉంటాయో చెప్పక్కర్లేదు. కనీసం సగం కాలేజీల ఎస్సేలు థాంక్స్‌గివింగ్ నాటికే చిత్తుప్రతి దశకు రావాలి.

ఇంకొన్ని గడువులు ఫలితం కంటే ముందే దాటిపోతాయి. కాలిఫోర్నియా యూనివర్సిటీలకు, అంటే బర్కిలీ, లాస్ ఏంజెలెస్, శాన్ డియాగో వగైరాలన్నిటికీ, దరఖాస్తు సాధారణంగా నవంబరు 30తో ముగుస్తుంది. అక్కడ ఎర్లీ అన్నదే లేదు. ఆస్టిన్‌కు డిసెంబరు 1. "కొలంబియా రాకపోతే అప్పుడు చూద్దాం" అని వీటిని వదిలేసిన కుటుంబానికి డిసెంబరు మధ్యలో ఆ తలుపులు మూసే ఉంటాయి.

ఎర్లీ డెసిషన్ రెండో విడత పెట్టే కాలేజీలూ ఉన్నాయి. దరఖాస్తు జనవరి మొదట్లో, ఫలితం ఫిబ్రవరి మధ్యలో. షరతు మొదటి విడతకున్నదే. మొదటిచోట కాదన్నారన్న కసితో, పట్టుమని పది నిమిషాలు ఆలోచించని కాలేజీకి రెండో విడత సంతకం పెట్టడం తరచూ జరిగే పొరపాటు. అక్కడ నాలుగేళ్ళు చదవాల్సింది పిల్ల. ఆ కాలేజీ తన జాబితాలో నవంబరులో ఎన్నో స్థానంలో ఉందో గుర్తుచేసుకుని, మొదటి రెండు మూడింట్లో లేకపోతే సంతకం జోలికి పోకపోవడం మంచిది.

జాబితాను మళ్ళీ చూసుకునేటప్పుడు వారెన్ బఫెట్ చేసిన పని పనికొస్తుంది. 1950లో హార్వర్డ్ బిజినెస్ స్కూల్ ఆయనకు సీటివ్వలేదు. అప్పుడాయన కొలంబియా యూనివర్సిటీ వివరాల పుస్తకం తిరగేస్తుంటే, తాను అభిమానించే పెట్టుబడి పుస్తకాల రచయిత బెంజమిన్ గ్రాహం, ఆయన సహరచయిత డేవిడ్ డాడ్ అక్కడే పాఠాలు చెబుతున్నారని కనిపించింది. డాడ్‌కు ఉత్తరం రాశాడు, సీటొచ్చింది, గ్రాహం శిష్యుడయ్యాడు. ఆయన వెతికింది కాలేజీ ర్యాంకు కాదు, తనకు కావలసిన చదువు చెప్పేవాళ్ళను. ఇప్పటి విద్యార్థి కూడా కాలేజీ వెబ్‌సైటులో డిపార్ట్‌మెంటు పేజీ తెరిచి, ఎవరేం బోధిస్తున్నారు, మొదటి ఏడాది పిల్లలకు ల్యాబ్‌లో చోటిస్తారా అని చూస్తే, "మా కాలేజీనే ఎందుకు" అన్న ఎస్సే దానంతటదే తయారవుతుంది.

డిఫర్ అయినవాళ్ళ సంగతి వేరు. వీళ్ళ బాధ ఒక రోజుతో పోయేది కాదు, మార్చి దాకా సాగుతుంది. ముందు తెలుసుకోవలసింది, డిఫర్ అన్న మాటకు ప్రతి కాలేజీలో ఒకే బరువు లేదని. హార్వర్డ్ ముందుగా దరఖాస్తు చేసినవాళ్ళలో అత్యధికుల్ని డిఫర్ చేస్తుంది. కాబట్టి అక్కడ డిఫర్ అంటే ప్రత్యేకమైన సంకేతమేమీ కాదు. స్టాన్‌ఫర్డ్ చాలామందికి డిసెంబరులోనే అటో ఇటో తేల్చేసి, కొద్దిమందిని మాత్రమే అట్టిపెడుతుంది. అక్కడ డిఫర్ అయితే దరఖాస్తు నిజంగానే నచ్చిందనుకోవచ్చు. షరతు సంగతి కూడా గుర్తుంచుకోవాలి: ఎర్లీ డెసిషన్‌లో డిఫర్ అయితే, చేరి తీరాలన్న ఒప్పందం నుంచి విద్యార్థికి విడుదల దొరికినట్టే. మార్చిలో సీటొచ్చినా చేరడం ఇష్టం.

డిఫర్ అయినవాళ్ళు కాలేజీకి ఒక ఉత్తరం రాయవచ్చు. కొన్ని కాలేజీలు పోర్టల్‌లోనే ఫారం ఇస్తాయి, కొన్ని ఏమీ పంపవద్దంటాయి. వద్దన్నచోట పంపకూడదు. ఉత్తరం ఒక పేజీ దాటక్కర్లేదు. మొదటి రెండు వాక్యాల్లో ఈ కాలేజీ ఇప్పటికీ తన మొదటి ఎంపికేనని, సీటిస్తే చేరతానని రాయాలి, అది నిజమైతేనే. తర్వాత నవంబరు నుంచి కొత్తగా జరిగింది. "నాయకత్వ లక్షణాలు పెంచుకున్నాను" అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు. ఊరి లైబ్రరీలో శనివారాలు చిన్నపిల్లలకు లెక్కలు చెబుతున్న అమ్మాయి, "నవంబరులో ఆరుగురు వచ్చేవాళ్ళు, ఇప్పుడు పద్దెనిమిది మంది వస్తున్నారు, భిన్నాలు అర్థం కానివాళ్ళ కోసం కాగితం మడతలతో ఒక పద్ధతి తయారుచేశాను" అని రాస్తే చదివేవాళ్ళకు మనిషి కనిపిస్తుంది. మొదటి సెమిస్టర్ మార్కులు కౌన్సిలర్ పంపుతారు, అవి బాగుండటం అన్నిటికన్నా ముఖ్యం. జనవరి చివర్లో ఈ ఉత్తరం వెళితే సరిపోతుంది. డిసెంబరులో ఏడుపు ఆరని చేత్తో రాయకూడదు. తండ్రి విడిగా ఉత్తరం రాయడం, తెలిసిన పెద్దమనుషులతో సిఫార్సులు పంపించడం పిల్లకు చెరుపే చేస్తాయి.

డబ్బు విషయం కూడా చెప్పుకోవాలి, మన ఇళ్ళలో దీన్ని పిల్లల ముందు ఎత్తరు గనుక. పేరున్న ప్రైవేటు కాలేజీల్లో ఏడాది ఖర్చు 90 వేల డాలర్లు దాటింది. ఎర్లీ డెసిషన్‌లో సీటొస్తే, వేరే కాలేజీలు ఎంత సాయం ఇస్తాయో పోల్చి చూసే వీలుండదు. ఇచ్చిన ఆర్థిక సాయం కుటుంబానికి నిజంగా చాలకపోతే ఒప్పందం నుంచి బయటపడవచ్చు, కానీ అది లెక్కలు చూపించి మాట్లాడుకోవలసిన పని. తల్లిదండ్రుల ఉద్యోగ వీసాకు అనుబంధంగా వచ్చే హెచ్-4 వీసా మీద పెరిగిన పిల్లల పరిస్థితి మరీ ఇరుకు. ప్రాథమిక స్కూలు నుంచి అమెరికాలోనే చదివినా వాళ్ళకు ఫెడరల్ సాయం రాదు. చాలా ప్రైవేటు కాలేజీలు వాళ్ళను విదేశీ విద్యార్థులుగానే లెక్కేస్తాయి, సాయం అడిగితే అది సీటు నిర్ణయం మీద ప్రభావం చూపవచ్చు. విదేశీయుల విషయంలోనూ డబ్బు అవసరాన్ని పట్టించుకోకుండా సీటిచ్చేవి హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, ఆమ్‌హర్స్ట్, డార్ట్‌మత్ లాంటి కొద్ది కాలేజీలే. అలాంటి పిల్లకు "కాదు" అన్న జవాబు వస్తే, తన వీసా కూడా అందులో పాత్ర వహించి ఉండవచ్చని ఎవరో ఒకరు చెప్పాలి. లేకపోతే అంతా తన తెలివితక్కువతనమే అనుకుంటుంది.

ఎర్లీ డెసిషన్‌లో సీటు వచ్చినవాళ్ళకు పని తక్కువ, బాధ్యత ఎక్కువ. మిగతా దరఖాస్తులన్నీ వెంటనే ఉపసంహరించుకోవాలి. అలా చేయకపోతే అదే స్కూలు నుంచి వేసిన స్నేహితుల అవకాశాలకు అడ్డు. చివరి సెమిస్టర్‌లో మార్కులు బాగా పడిపోతే ఇచ్చిన సీటు వెనక్కి తీసుకునే అధికారం కాలేజీకి ఉంది. కాలేజీ పేరున్న స్వెట్‌షర్ట్ మర్నాడే స్కూలుకు వేసుకుపోవడం, తల్లిదండ్రులు ఆ రాత్రే గ్రూపుల్లో ఫోటోలు పెట్టడం కాస్త ఆపుకుంటే బాగుంటుంది. అదే గ్రూపులో ఆ రాత్రి ఏడుస్తున్న పిల్లలున్న ఇళ్ళూ ఉంటాయి.

ఇంతకీ కాలేజీ పేరు జీవితంలో ఎంత తేడా తెస్తుంది? స్టేసీ డేల్, అలన్ క్రూగర్ 2002లో ప్రచురించిన పరిశోధనలో ఒకే రకం ప్రతిభ ఉన్న విద్యార్థుల్ని పోల్చారు. పెద్ద పేరున్న కాలేజీలో సీటొచ్చినా మరోచోట చేరినవాళ్ళు, తర్వాతి సంపాదనలో పెద్దగా వెనకబడలేదు. అల్పాదాయ కుటుంబాల పిల్లలకు మాత్రం పేరున్న కాలేజీ వల్ల మేలు కనిపించింది. 2023లో రాజ్ చెట్టి, డేవిడ్ డెమింగ్, జాన్ ఫ్రైడ్‌మన్ ఇంకా పెద్ద సమాచారంతో ఇదే చూశారు. సగటు సంపాదనలో తేడా తక్కువే గానీ, దేశంలో అత్యధిక ఆదాయమున్న 1 శాతంలోకి చేరే అవకాశం ఐవీ లాంటి కాలేజీల వల్ల సగం మేర పెరుగుతుందని తేలింది. అంటే తేడా అసలే లేదని పిల్లలకు చెప్పడం సరికాదు, వాళ్ళు నమ్మరు కూడా. శిఖరం మీద తేడా ఉంది. మంచి ఉద్యోగం, మంచి జీవితం అన్న మేరకు మాత్రం మంచి రాష్ట్ర యూనివర్సిటీలో శ్రద్ధగా చదివిన పిల్లకు లోటేమీ ఉండదు. నాదెళ్ళ కథ చెప్పుకోవలసిన సమయం ఇప్పుడు. హైదరాబాద్ పబ్లిక్ స్కూల్, మణిపాల్‌లో ఇంజనీరింగ్, 1990లో విస్కాన్సిన్ మిల్వాకీలో ఎంఎస్, 1992లో మైక్రోసాఫ్ట్, 2014లో దానికి సీఈఓ.

చాలామంది పిల్లలు జనవరి కల్లా తేరుకుంటారు. తేరుకోని పిల్లల్ని గుర్తించాలి. రెండు వారాలు దాటినా నిద్ర, తిండి సరిగ్గా లేకపోవడం, స్నేహితుల్ని తప్పించుకోవడం, "నా బతుకింతే", "నేనుండి ఏం లాభం" లాంటి మాటలు వస్తే దాన్ని ఫలితం తాలూకు దిగులుగా కొట్టిపారేయకూడదు. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగడానికి భయపడక్కర్లేదు, అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు. అమెరికాలో సంక్షోభ సహాయ నంబరు 988కి ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు, మెసేజ్ పెట్టవచ్చు. మన దేశంలో మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలీ మానస్ నంబరు 14416, అక్కడ తెలుగులోనే మాట్లాడవచ్చు. తల్లిదండ్రులు ఈ నంబర్లు తమ ఫోన్‌లోనూ, పిల్లల ఫోన్‌లోనూ దరఖాస్తు పెట్టిన రోజునే పెట్టుకోవాలి.